లక్క ముద్ర వేసిన తీగ

మా ముత్తాత మూడు ఊళ్లకు మాలీ పటేలు. శిస్తు వసూలు ఆయన చేతి మీదుగానే జరిగేది. తాత పోలీసు పటేలు. ఆయన గుర్రం దిగితేగాని పంచాయతీ మొదలయ్యేది కాదు. మా నాయన చివరి పటేలు. పటేల్‌గిరీ రద్దయిందని కాగితం వచ్చిన మర్నాడు కూడా ఆయన తలకు రుమాలు చుట్టుకుని చావడికి వెళ్లి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు. మా అవ్వ చెప్పింది.

ముత్తాత కాలంలో కల్లంలో వడ్ల రాశి పోశాక దాని చుట్టూ తడిమట్టి ముద్దలు పెట్టి, వాటి మీద మా ఇంటి కొయ్యముద్ర ఒత్తేవారు. పంపకం అయ్యేదాకా ఎవరూ పిడికెడు తీయడానికి లేదు. తెల్లారి ముద్ర చెదిరి ఉంటే రాశిలో చెయ్యి పడ్డట్టే. ఎవరి చెయ్యో తేలేదాకా ఊరంతా కల్లం దగ్గర నిలబడాల్సిందే. మనిషిని నమ్మడం తప్పని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ముద్ర వేసి నమ్మడం మా పద్ధతి.

ఆ ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలోకి పోయింది. భూమి పోయినందుకు కంపెనీ ఇచ్చిన ఉద్యోగంలో నేను సర్వే సెక్షన్‌లో చేరి, రిటైరయ్యేదాకా గని ప్లాన్లు గీశాను. గోదావరిఖనిలో ఆ గనికి కిలోమీటరు దూరంలో ఇల్లు కట్టుకున్నాను. సర్వేలో అంగుళం తప్పితే నీళ్లు నిండిన పాత గ్యాలరీలోకి, అంటే సొరంగంలోకి, కొత్త గ్యాలరీ పొడుచుకుపోతుంది. ఉజ్జాయింపు మనుషుల ప్రాణం తీస్తుందని నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి నేను లెక్కలను నమ్ముతాను.

రిటైరయ్యాక పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. మా పారిశ్రామిక ప్రాంతంలో ఈ సరదా ఉన్నవాళ్లం పది మందిమి కూడా లేం. రోజూ పొద్దున అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చి క్షేమసమాచారాలు చెప్పుకుంటాం. గోదావరి పొంగిన ఏడాది సెల్ టవర్లు రెండు రోజులు పనిచేయకపోవడంతో, వానాకాలంలో మంచిర్యాల వైపుకు కబురు పంపడానికి గోదావరిఖనిలో ఒక పక్కా స్టేషను ఉండాలని అందరూ అనుకున్నారు. అది ఎవరి ఇంట్లో పెట్టాలన్నది మాలో ఒకరైన, మంచిర్యాలలో ఉండే రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ వచ్చి, చూసి, నిర్ణయిస్తారు. వరద వస్తే తహసీల్ ఆఫీసు కబుర్లు ఆ ఇంటి నుంచే పోవాలి. ఉన్నవి రెండే ఇళ్లు. ఒకటి నాది. రెండోది మా వెనక వీధిలో మోటార్ వైండింగ్ దుకాణం నడిపే భాయిది.

చావడి పోయిన తర్వాత మా ఇంటికి నలుగురి పని అప్పగించే అవకాశం రావడం అదే మొదటిసారి. దాచుకోవడం ఎందుకు, ఆ స్టేషను నాకు కావాలి.

భాయి నా వయసువాడే. కాలిపోయిన పంపు మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడం ఆయన పని. లైసెన్సు నాకంటే ముందే వచ్చింది. ఆయన యాంటెన్నాను చూస్తే నా చేయి టేపు కోసం జేబులోకి పోయేది. వెదురు బొంగు, మోటార్లలోంచి తీసిన పాత తీగ, ఇన్సులేటర్‌కు బదులు పగలగొట్టిన ప్లాస్టిక్ డబ్బా ముక్కలు. పొడవెంత అంటే చేయి చాపి చూపించేవాడు. టేపు ఉండేది కాదు. మూరలు, జానలు. అయినా పొద్దున ఆయన గొంతు అందరికీ గంటలా వినపడేది. అదెలాగో నాకు అంతుపట్టేది కాదు. అందరూ మర్యాదకు అలా అంటున్నారేమో అనుకునేవాణ్ణి.

నా యాంటెన్నా అలా కాదు. ఇరవై అడుగుల గాల్వనైజ్డ్ పైపు స్తంభం, మూడు ముక్కలుగా బిగించింది, స్లాబు మీద నిలబెట్టాను. దాని తల నుంచి రెండు వైపులా తీగ దిగుతుంది. ఒక చివర ముందు కాంపౌండు మూలలో ఉన్న గుంజకు, రెండోది వెనక రేకుల వంటింటి పక్క గుంజకు. నూట నలభై మూడును ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. వచ్చిన దాన్ని రెండు సగాలు చేశాను. ఒక్కో సగం పది మీటర్ల ఏడు సెంటీమీటర్లు. స్టీలు టేపుతో మూడుసార్లు కొలిచాను. నోటుబుక్కులో పటం గీశాను. సర్వే సెక్షన్‌లో నా కింద పనిచేసినవాళ్లెవరికి చూపినా వంక పెట్టలేని పటం.

రేడియో పంపిన శక్తిలో ఎంత గాలిలోకి పోకుండా వెనక్కి తిరిగొస్తుందో చూపే మీటరు ఒకటి ఉంటుంది. ముల్లు ఒకటి దగ్గర ఉంటే మంచిది. ఒకటిన్నర దాకా ఫరవాలేదు. నాది మూడు చూపించింది.

మళ్లీ కొలిచాను. పది మీటర్ల ఏడు సెంటీమీటర్లు. ముల్లు మూడు.

ఆ సాయంత్రమే భాయి గేటు ముందు సైకిలు దిగాడు. కబురు పెట్టలేదు. అప్పుడే ఎందుకు వచ్చాడో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. గుంజ దగ్గర నిలబడి తీగను పైనుంచి కింది దాకా చూశాడు.

“పటేలా, తీగె పొడుగున్నది.”

“లేదు భాయి. లెక్క ప్రకారమే ఉంది.”

“లెక్క మంచిదే. లెక్కకు నీ వంటింటి రేకులు తెల్వయి గదా. నీ తీగె మీద ప్లాస్టికు తొడుగున్నదని తెల్వది. రెండు దిక్కుల జానెడు జానెడు మడువు. కత్తిరియ్యకు. మడిచి చుట్టు, చూడు.”

“ఎవరి జానెడు? నీదా, నాదా?”

ఆయన తన చేయి చాపి, నా చేతి పక్కన పెట్టి చూసుకున్నాడు. “నీదే పెద్దగున్నది. దొరల చెయ్యి. జర తక్కువ మడువు.”

నేను నవ్వలేదు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన పోయాక నేను కూర్చుని ఆలోచించాను. ఒకే స్టేషను. పోటీలో ఇద్దరం. ఎదుటివాడు వచ్చి, అడగకుండా, నా తీగను పొట్టి చేసుకొమ్మని సలహా ఇచ్చాడు. పదేళ్లు భూమి దావాలతో కచేరీ చుట్టూ తిరిగిన ఇంట్లో పుట్టినవాడికి అలాంటి సలహా ఎలా వినపడుతుందో వేరే చెప్పనక్కరలేదు. మా తాతకు కూడా అడగకుండా వచ్చి సలహా చెప్పినవాళ్లు ఉండేవారు. వాళ్ల పేర్ల మీదికే తర్వాత మా మెట్ట చెలకలు మారాయి.

మూడు రోజుల తర్వాత కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి భాయి మా స్లాబు మెట్లు దిగుతున్నాడు. చేతిలో చాయ్ గ్లాసు.

“ఒక్కసారి చూడు పటేలా, ముల్లు ఎట్ల దిగిందో,” అని గ్లాసు గోడ మీద పెట్టి, దుకాణంలో గిరాకీ ఉందని వెళ్లిపోయాడు.

మా ఆవిడను అడిగాను. “ఎవరు రానిచ్చారు?”

“నేనే పైన రేడియో గది తాళం తీసిన. మీటరు చూస్తనన్నడు, చాయ్ పోసిన. గంతదానికి అట్ల చూస్తవేంది? మనిషి సాయం జేస్తనంటె తలుపేసుకుంటమా?”

టేపు తీశాను. రెండు చివర్లూ మడిచి, తీగ మీదే తీగను చుట్టి పెట్టాడు. జానెడు జానెడు. మీటరు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదనుకున్నాను. నా ఇంట్లో, నేను లేనప్పుడు, నా లెక్కను మార్చాడు. అదొక్కటే నాకు కనపడింది. మడతలు విప్పాను. మళ్లీ పది మీటర్ల ఏడు సెంటీమీటర్లకు తెచ్చి, పింగాణీ ఇన్సులేటర్ల దగ్గర గట్టిగా చుట్టాను.

ట్రంకు పెట్టెలో ఇంటి కొయ్యముద్ర ఉంది. అంచు ఒక చోట చెదలు తిన్నా గుర్తు బాగానే పడుతుంది. తడిమట్టి తీగ మీద నిలవదు కాబట్టి లక్క కరిగించాను. ముందు గుంజ దగ్గర ఒకటి, వెనక గుంజ దగ్గర ఒకటి, తీగ చుట్టల మీద లక్క పోసి ముద్ర ఒత్తాను. ఇక ఎవరు చెయ్యి పెట్టినా తెలిసిపోతుంది.

మర్నాడు సాయంత్రం ముందు గుంజ దగ్గరి ముద్ర పగిలి ఉంది. మధ్యలో అడ్డంగా చీలిక. ఒక ముక్క కింద రాలింది. వెనకదీ అంతే.

కొలిచాను. పొడవు మారలేదు. దాంతో అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఏమీ మార్చనివాడు ముద్ర ఎందుకు పగలగొడతాడు? నేను కనిపెడుతున్నానా లేదా అని చూడటానికే. మళ్లీ లక్క పోశాను. మర్నాడు సాయంత్రం మళ్లీ పగిలింది. ఆ తర్వాత రోజూ పగిలింది. పొద్దున రేడియో ముందు కూర్చుంటాను కాబట్టి సాయంత్రమే చూసేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక కునుకు తీయడం నా అలవాటు. ఆ కునుకు సంగతి ఎవరికి తెలుసని ఆలోచిస్తే జాబితా చిన్నదే. మా ఆవిడ, పాలవాడు, భాయి.

గేటుకు తాళం వేయడం మొదలుపెట్టాను. అయినా పగిలింది. కాంపౌండు గోడ ఛాతీ ఎత్తు ఉంటుంది. పొడుగాటి కర్ర ఉంటే వీధిలోంచి గుంజను అందుకోవచ్చు. అది నేనే అందుకుని చూశాను కూడా.

ఒకరోజు భాయి వీధిలో పోతూ సైకిలు ఆపి ముద్రను చూశాడు.

“ఏంది పటేలా, తీగెకు బొట్టు వెట్టినవ్? లగ్గమా?”

“దిష్టి తగలకుండా.”

“మంచిదే. దిష్టి శాన ఉన్నది ఈ గల్లీల.” నవ్వుతూ వెళ్లాడు. ఆ నవ్వును రెండు రోజులు మనసులో తిప్పి చూశాను. తెలియనివాడి నవ్వు కాదది. ఏదో తెలిసినవాడి నవ్వు. ఆ మాట వరకు నేను పొరబడలేదు.

ఆ పదిహేను రోజులూ నేను పొద్దున రేడియోలో ఆయన పలకరిస్తే పొడిగా జవాబిచ్చాను. మంచిర్యాల లెక్చరర్ ఆయనతో రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడితే గడియారం చూసుకున్నాను. మా ఆవిడతో కూడా మాట తగ్గింది. తాళం చెవి నా జేబులోనే ఉండేది.

“ఇల్లా, ఠాణానా ఇది?” అందామె ఒకరోజు. తాళం చెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

లెక్చరర్ ఒక శనివారం వచ్చారు. వెంట శ్రీరాంపూర్ నుంచి మరో సభ్యుడు, గనిలో ఫిట్టరు. ముందు భాయి ఇంటికి వెళ్లి చూశారు. తర్వాత ముగ్గురూ, భాయితో సహా, మా ఇంటికి వచ్చారు. పన్నెండు దాటింది. అన్నం పెట్టాం. తర్వాత నోటుబుక్కు తెచ్చి పటం చూపించాను. లెక్చరర్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఇంత శుభ్రంగ ఎవ్వరు గియ్యలే సార్ ఇప్పటిదాంక. కాలేజీల పెట్టాలె దీన్ని.”

మీటరు పెట్టాం. ముల్లు మూడు.

ఆ క్షణం కోసం నేను రెండు వారాలుగా మాటలు కూర్చుకుంటున్నాను. ముందు గుంజ దగ్గరికి తీసుకెళ్లాను. పగిలిన ముద్ర చూపించాను. అది ముందురోజు పగిలిందే, సాక్ష్యంగా ఉంచాను. ఈ తీగను ఎవరో రోజూ ముట్టుకుంటున్నారని, లెక్కలో తప్పు లేదని, తప్పు మనిషిదని చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. కాని ఎవరి వైపు చూస్తూ చెప్పానో అందరికీ తెలిసింది. శ్రీరాంపూర్ ఫిట్టరు నేలకేసి చూశాడు. మా ఆవిడ గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది.

భాయి కోపగించుకోలేదు. గడియారం చూసుకున్నాడు.

“ఎప్పుడు చూస్తవ్ పటేలా ముద్రను?”

“సాయంత్రం.”

“పొద్దుగాల ఎప్పుడన్న చూసినవా?”

“లేదు.”

“అయితె ఇప్పుడు కొత్తగ వెయ్యి. మా ముందల. అందరం ఈడనే కూసుందాం. ఎవ్వరు లేవద్దు. నా రెండు చేతులు నీ ముందలనే ఉంటయ్.”

లక్క కరిగించాను. ముద్ర ఒత్తాను. చల్లారింది. గుర్తు స్పష్టంగా పడింది. వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. భాయి రెండు అరచేతులూ మోకాళ్ల మీద బోర్లించి పెట్టుకున్నాడు. మా ఆవిడ చాయ్ తెస్తే భాయి గ్లాసు ముట్టుకోలేదు.

“చేతులు కదపద్దు గదా అక్కా,” అన్నాడు.

గనిలో సైరను మోగింది. కాసేపటికి బ్లాస్టింగు. నేల కింద ఎవరో పెద్ద గుండు దొర్లించినట్టు ఒక ఊపు. వంటింటి రేకులు గడగడమన్నాయి. చాయ్ గ్లాసులో అలలు లేచాయి. స్తంభం తల ఊగింది. తీగ ఒక్కసారి వదులై, వెంటనే బిగుసుకుంది. గుంజ దగ్గర చిన్న టిక్కుమన్న చప్పుడు. ముద్ర అడ్డంగా చీలి, ఒక ముక్క కింద పడింది.

“దొంగ దొరికిండు పటేలా,” అన్నాడు భాయి. “ఠాణాకు పట్టుకపో.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

ఆ బ్లాస్టింగు రోజూ అదే వేళకు జరుగుతుంది. సర్వే సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ దాని వేళలు నా బల్ల మీదే ఉండేవి. మా గోడల్లో బీటలు దాని వల్లే. అలవాటైన చెవికి అది వినపడటం మానేసింది, దాని కింద కునుకు తీసేంతగా. మా ముత్తాత కల్లం కింద ఎవరూ మందుగుండు పేల్చలేదు. అక్కడ ముద్ర చెదిరితే మనిషి చెయ్యే.

లెక్చరర్ లేచి, “ఒకసారి భాయిని మడవనిస్తరా సార్?” అని అడిగారు. తలూపాను. భాయి లక్క ముక్కలు గోటితో గీకేసి, రెండు చివర్లా నా జానెడు కంటే కాస్త తక్కువ మడిచి చుట్టాడు. నా చేయి పెద్దదన్న మాట గుర్తున్నట్టుంది, తన జానెడుతోనే కొలిచాడు. మీటరు చూశాం. ఒకటి పాయింటు మూడు.

“మీ లెక్క తప్పు గాదు,” అన్నారు లెక్చరర్. “ఉత్త రాగితీగకు, ఎత్తుమీద ఉంటె మీ లెక్కనే సరి. తీగెకు తొడుగున్నది, నేల దగ్గరున్నది, అందుకే జర పొడుగైంది. దానికి గూడ లెక్కున్నది. కాని చెయ్యి పెట్టి చూసుడే జల్ది అయితది.”

అది నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. నేను రెండోదే అనుకోవాలని ప్రయత్నించాను. ఆ ఊపులో అడిగేశాను, స్టేషను ఎక్కడ అని. అడగకుండా ఉండాల్సింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “వరద నాడు ఎవరు ఇంటి మీదికి ఎక్కుతరో, ఎవరు తాడు లాగుతరో చెప్పలేం సార్. తీగె తెగుతది, ఎవరో ఒకరు ముడేస్తరు. మీ ఇంట్ల ఎవ్వరు ముట్టద్దంటిరి. ముట్టకుంటె ఎట్ల నడుస్తది?”

భాయి దుకాణం మీద పెట్టాలని నిర్ణయమైంది. ముగ్గురూ చెప్పులు వేసుకున్నారు. గేటు తాళం నేనే తీశాను.

ఆదివారం పొద్దున రేడియో పెట్టలేదు. సోమవారం పెట్టాను గాని మాట్లాడలేదు, విన్నాను. నా పేరు రెండుసార్లు పిలిచారు. భాయి గొంతే పిలిచింది. శనివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను వింటున్నానని తెలిసి ఎత్తలేదేమో అనిపించింది.

బుధవారం భాయి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటేగాని రాలేదు. అంతకుముందు ఎప్పుడూ అలా ఆగేవాడు కాదు.

“పటేలా, నా వెదురుబొంగు గాలికి ఆగదు. వానకాలం మూడు నెలలు నీ పైపు ఇయ్యి. మళ్ల తెచ్చి నిలవెడత.”

నేను అడగాలనుకున్నది అడిగాను. “బ్లాస్టింగుకు పగులుతుందని నీకు ముందే తెలుసా?”

“మా దుకాణంల గ్లాసులు రోజు అదే టైముకు మోగుతయ్. చూడంగనే తెలిసింది.”

“బొట్టు అని నవ్విన రోజే చెప్పొచ్చు కదా.”

“నువ్వు అడిగితివా? దిష్టికని జెప్పితివి. కాదని నేనెట్ల అనుకోవాలె?” ముందు గుంజ వైపు చూస్తూ, “నా చెయ్యే అనుకున్నవని నాకు శనారమే తెలిసింది. అంతకుముందు తెల్వది,” అన్నాడు.

అది నిజమే కావచ్చు. కాని రెండు వారాలు తెలిసీ ఊరుకుని, అందరి ముందూ గడియారం చూసుకున్న మనిషి మాటను పూర్తిగా ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కాదు. తప్పయిందని చెప్పాల్సింది నేనే. నోటిదాకా వచ్చింది. మా ఆవిడ తలుపు వెనక నిలబడి ఎదురుచూడటం కూడా నాకు తెలుస్తోంది. “కూర్చో, చాయ్ తాగు,” అన్నాను. ఆయన తాగాడు.

అరువు ఇస్తే మూడు నెలలు ఆ స్తంభం ఎవరి ఇంటి మీద ఉందో చూసుకుంటూ బతకాలి. వానలు పోయాక అది తిరిగొస్తే దాని కింద మళ్లీ కూర్చోవాలి. ఊరికే తీసుకొమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. “ఉత్తగ వద్దు పటేలా, నాది గూడ ఇజ్జతే,” అన్నాడు.

హామ్ రేడియో సెట్టును లైసెన్సు ఉన్నవాడికే అమ్మాలి. గోదావరిఖనిలో అలాంటివాడు ఆయనొక్కడే. మొదటి వాన పడకముందే ఇరవై అడుగుల స్తంభం, తాళ్లు, తీగ, మీటరు, రేడియో సెట్టు అన్నీ భాయికి అమ్మాను.